బెల్లం సేఠ్‌కు పట్టిన చెమటలు

అది 1974. పాతబస్తీ జనం ఎక్కువగా వచ్చే ఒక పెద్ద సర్కారు దవాఖానలో, మగవాళ్ళ సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. మా ఇల్లు మొఘల్‌పురాలో ఉండేది. మా ఆయన రైల్వేలో ఫిట్టరు. నాకు చిన్నప్పటి నుంచీ ఒక చెడ్డ అలవాటుంది. ఏదైనా అర్థం కాకపోతే దాన్ని వదిలిపెట్టలేను. ఇంట్లో ఇందుకు చీవాట్లు తినేదాన్ని. వార్డులో మాత్రం అది అప్పుడప్పుడూ పనికొచ్చేది.

ఆ రోజుల్లో మా వార్డు మంచాల్లో చాలావరకు అల్సర్ రోగులే. ఇప్పుడు మాత్రలతో మానిపోయే పుండుకి అప్పట్లో ముదిరితే కత్తే దిక్కు. పుండు మానుతూ, మళ్ళీ రేగుతూ, చివరికి కడుపు కింది ద్వారం దగ్గర మచ్చ కట్టి దారి మూసేసేది. తిన్నది దిగదు. పొద్దున తిన్న అన్నం సాయంత్రానికి మెతుకు మెతుకుగా వాంతిలో వచ్చేస్తుంది. అలాంటి వాళ్ళకు మా సర్జన్‌గారు మూసుకుపోయిన ద్వారం జోలికి పోకుండా, చిన్నపేగును పైకి తెచ్చి కడుపుకు కుట్టి కొత్త దారి చేసేవారు. దాని అసలు పేరు గ్యాస్ట్రోజెజునాస్టమీ. నోరు తిరగక మేమంతా జీజే అనేవాళ్ళం. రోగులకు మాత్రం కడుపుకు బైపాస్ వేశారని చెప్తే చాలు, తల ఊపేవాళ్ళు.

ఈ బైపాస్‌తో ఒక చిక్కుంది. పుట్టుకతో వచ్చిన ద్వారం మంచి దర్వానులాంటిది. తిన్నదాన్ని కొంచెం కొంచెంగా లోపలికి వదులుతుంది. కొత్త దారికి దర్వాను ఉండడు. తీపి, నీళ్ళు, పల్చటివి ఏవైనా ఒక్కసారిగా పేగులో పడిపోతాయి. ఆ తీపిని పలచబరచడానికి పేగు ఒంట్లోని నీటిని లాక్కుంటుంది. దాంతో చెమటలు, గుండెదడ, కడుపులో మెలి, విరేచనం. మనిషికి పడుకుంటే తప్ప ప్రాణం కుదుటపడదు. దీన్ని డంపింగ్ అంటారు, లారీ వెనక తలుపు తీసి సరుకంతా గుమ్మరించినట్టు. కొందరికి అంతటితో అయిపోదు. పేగులో పడిన తీపి గబగబా రక్తంలోకి ఎక్కేసరికి ఒళ్ళు కంగారుపడి ఇన్సులిన్ ఎక్కువ వదుల్తుంది. ఒకటి రెండు గంటలకు రక్తంలో చక్కెర పడిపోయి, చేతులు వణికి, కళ్ళు తిరుగుతాయి. అందుకే డిశ్చార్జి రోజున ప్రతి జీజే రోగికీ నేను పాఠం చెప్పేదాన్ని. కొంచెం కొంచెంగా తినాలి, పొడిగా తినాలి, తినేటప్పుడు నీళ్ళు తాగొద్దు, తీపి ముట్టొద్దు.

ఆ పాఠం అందరికంటే శ్రద్ధగా విన్నవాడు చంద్రయ్య సేఠ్. టోకు బజారు ఉస్మాన్‌గంజ్‌లో ఆయనది బెల్లం అడ్తి. అంటే రైతులు తెచ్చిన బెల్లాన్ని తన దుకాణంలో దింపించి, రకం నిర్ణయించి, కొనేవాళ్ళకు అమ్మిపెట్టే వ్యాపారం. నలభై దాటిన మనిషి. పొట్ట కోతకు రావాల్సినవాడు తల కూడా గుండు కొట్టించుకుని వచ్చి చేరాడు. వార్డుబాయ్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. ఎందుకయ్యా ఈ గుండు అని నేను నిలదీస్తే, గంజ్‌లో అందరికీ తిరుపతి పోతున్నానని చెప్పి వచ్చాడట, జుట్టుతో తిరిగి వెళ్తే నమ్మరట. ఆపరేషన్ సంగతి ఆయన భార్య సత్తెమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. వ్యాపారుల పద్ధతులు అలా ఉంటాయి కాబోలని నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. వార్డులో ఉన్నన్నాళ్ళూ ఒక్క వాంతి లేదు, ఒక్క నొప్పి లేదు. ఇంటికి పంపాం. నెల తిరక్కుండానే సత్తెమ్మ భుజం పట్టుకుని ఓపీకి వచ్చాడు. దాదాపు ప్రతిరోజూ పొద్దున చెమటలు పట్టి, గుండె దడదడలాడి, గద్దె మీదే వెనక్కి వాలిపోతున్నాడట. మధ్యాహ్నం అయ్యేసరికి చేతులు వణికి కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయట. భయంతో తిండి తగ్గించేశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది.

సర్జన్‌గారు చూడగానే ఇది డంపింగే అన్నారు. అయితే ఏం తింటున్నావంటే ఆయన చెప్పిందాంట్లో ఒక్క తప్పు లేదు.

"మీరు చెప్పినట్టే ఉంటున్న సార్. తీపి తినుడు బంద్ పెట్టిన. బువ్వల నీళ్ళు తాగుత లేను. పొద్దుగాల అయితే ముద్ద గూడ ముట్ట. బోణీ అయ్యేదాక ఏం తినొద్దని మా బాపు కాలం నుంచి కాయిదా."

సత్తెమ్మ ఒట్టేసి అవునంది. ఇంట్లో చక్కెర డబ్బా అటక మీద పెట్టేసిందట. ఏమీ తినని మనిషికి తిన్న తర్వాత వచ్చే జబ్బు ఎలా వస్తుంది? సర్జన్‌గారు మందులు మార్చి చూశారు. రెండుసార్లు ఎక్స్‌రే తీయించారు. కుట్టిన దారి చక్కగా ఉంది. చంద్రయ్య మాత్రం చిక్కిపోతూనే ఉన్నాడు. చివరికి, పొట్ట మళ్ళీ తెరిచి ఆ కుట్టు విప్పి, వేరే విధంగా వేయడం తప్ప దారి కనిపించడం లేదన్నారు. వచ్చే వారం చేరమన్నారు. అంటున్నప్పుడు ఆయన ముఖం చూశాను. అంత బలహీనంగా ఉన్న మనిషి రెండో ఆపరేషన్ తట్టుకుంటాడన్న ధీమా ఆ ముఖంలో లేదు.

బయట వరండాలో సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుంది. చెప్పాలా వద్దా అని కాసేపు నలిగి, చెప్పింది.

"అమావాస్య నాడు మంచిగుంటడు సిస్టరమ్మా. గదే నాకు సమజైత లేదు. ఎవలన్న ఏమన్న చేపిస్తే అమావాస్య నాడే గద జోర్ చేయాలె?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. చేతబడి సంగతి ఏమోగాని, అమావాస్యనాడు బాగుండటం అనేది సమాచారం. ఆ రోజు ఆయన ఏం చేస్తాడని అడిగాను. ఏం చేస్తాడు, అమావాస్యనాడు గంజ్ బంద్ కదా, ఇంట్లోనే పడుకుంటాడు అంది. వార్డులో ఉన్నప్పుడూ బాగున్నాడు, ఇంట్లో ఉన్నప్పుడూ బాగున్నాడు. అంటే జబ్బు దుకాణంలో ఉంది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

డిసెంబరు నెల. క్రిస్మస్ అరిసెలకు ఎలాగూ బెల్లం కావాలి. సెలవు రోజు చూసుకుని పొద్దున్నే సంచీ పట్టుకుని ఉస్మాన్‌గంజ్ వెళ్ళాను. చంద్రయ్య అడ్తి ముందు ఎడ్లబండ్లు, రెండు లారీలు. గోనెల మీద బెల్లం దిమ్మలు, వాటి మీద ఈగలు. లోపల తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద చంద్రయ్య, పక్కన రాగి చెంబు. నన్ను చూసి ఆయన ముఖం పాలిపోయింది. ఎన్నడూ చూడనట్టు, "ఏం కావాలె తల్లీ?" అన్నాడు. నేనూ తెలియనట్టే, మంచి బెల్లం కావాలి, తొందరేం లేదు, కూర్చుంటానన్నాను.

కూర్చుని చూశాను. ఒక్కొక్క రైతూ తన కుప్పలోంచి దిమ్మ తీసి, రాయి మీద కొట్టి, నిమ్మకాయంత ముక్క తెచ్చి చంద్రయ్య చేతిలో పెడుతున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని నమిలి, మింగి, ఒక్క మాట చెప్తున్నాడు. చౌడు నేల చెరుకు, ఉప్పు తగులుతుంది. పాకం కొంచెం మాడింది. ఇది ఫస్ట్ నంబర్. ఆ మాటతో ధర ఖాయం. ఎవరూ ఎదురు చెప్పరు. నాలుక మీది రుచి పోవడానికి చెంబెత్తి గటగటా నీళ్ళు, తర్వాత ఇంకో రైతు, ఇంకో ముక్క. పరగడుపున, బైపాస్ వేసిన కడుపులోకి, బెల్లమూ నీళ్ళూ. నేను సంచీ పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాను.

కాసేపటికే ఆయన నుదురు తడిసింది. మెడ మీద చెమట ధార కట్టింది. నెమ్మదిగా గోడకు ఒరిగిపోయాడు. లెక్కలు రాసే మునీమ్ పరుగున వచ్చి, తిరుపతి నుంచి వచ్చిన దగ్గర్నుంచి సేఠ్ ఏదో మొక్కుకుని ఉపవాసాలుంటున్నాడని, అది ఒంటికి పడటం లేదని రైతులకు సర్దిచెప్పాడు. చెప్తూనే ఒక గ్లాసు బెల్లం పానకం కలిపి నోటికి అందించబోయాడు. రోజూ మధ్యాహ్నం వణుకు వచ్చినప్పుడు కూడా అదే వైద్యమట. చక్కెర పడిపోయిన మనిషికి పానకం తాగితే అప్పటికి లేచి కూర్చునే బలం వస్తుంది, నిజమే. కానీ ఆ పానకమే మళ్ళీ పేగులో పడి మొత్తం తతంగం మొదట్నుంచీ నడిపిస్తుంది. నేను ఆ గ్లాసు అందుకుని పక్కన పెట్టేశాను. జనం మూగకుండా, లోపల గోదాములో పడుకోబెట్టించాను.

మునీమ్ బయటికి పోయాక, ఏమీ తినలేదన్నారు కదా అని అడిగాను. నా గొంతులో కోపం ఉందనుకుంటాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"తినలే గద సిస్టరమ్మా. రుచి చూసిన."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో అది తిండి కాదు, పని. బోణీకి ముందు ముద్ద ముట్టనన్న నియమానికి కూడా అది అడ్డం రాదు. అన్నేళ్ళుగా పరగడుపున రుచి చూస్తున్నాడు కాబట్టి, చూసి చూసి అది ఆయనకు కనిపించడం మానేసింది. మరి మింగడం ఎందుకు, ఉమ్మేస్తే పోలేదా అన్నాను.

"గంజ్‌ల ఉమ్ముతరా ఎవలన్న? ఉమ్మితె సరుకు ఖరాబున్నదని లెక్క. రైతు నోట్ల మన్ను కొట్టినట్టే."

మర్నాడు సర్జన్‌గారికి చెప్తే ఆయన పెన్ను కింద పెట్టి, మొత్తం మళ్ళీ చెప్పమన్నారు. తర్వాత చంద్రయ్యను వార్డులో చేర్పించి, పరగడుపున, గంజ్‌లో తిన్నంత బెల్లం, తాగినన్ని నీళ్ళు ఇప్పించి మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చెమటలు వచ్చాయి, నాడి ఉరికింది. గంట దాటాక వణుకు వచ్చింది. రక్తం తీసి పంపితే చక్కెర పడిపోయి ఉంది. మరుసటి పొద్దున జొన్నరొట్టె, పొడికూర, పైన నీళ్ళు లేకుండా ఇచ్చి చూశారు. ఏమీ కాలేదు. సర్జన్‌గారు మిగిలిన బెల్లం ముక్క నోట్లో వేసుకుని బాగుందయ్యా అన్నారు. రెండో ఆపరేషన్ రద్దయింది.

నేను సంబరపడ్డాను. చంద్రయ్య సంబరపడలేదు. బెల్లం నోట పెట్టొద్దని చెప్పినప్పటి నుంచీ తల దించుకునే ఉన్నాడు. వరండాలో నేను, సత్తెమ్మ, ఆయన మిగిలాక అన్నాడు:

"మా బాపు నాకు దుకాణం ఇయ్యలే, నాలిక ఇచ్చిండు. గది బంద్ చేస్తె నేనెవల్ని? ఉమ్మి చెప్పుదమంటె ఎందుకు ఉమ్మినవని అడుగుతరు. కడుపు కోసిండ్రని తెలిస్తె రేపటి సంది నా అడ్తికి బండి రాదు. సచ్చేటోనికి సరుకు ఎవలిస్తరు?"

ఆ గుండు ఎందుకో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. వ్యాపారి ఒంట్లో జబ్బుందంటే బాకీలవాళ్ళు గుమ్మంలో నిలబడతారు, రైతు పక్క అడ్తికి బండి తిప్పుతాడు. ఆయన భయం ఉత్తది కాదు. అయినా నాకు కోపం ఆగలేదు.

"సచ్చేటోనికి ఇయ్యరు, సరే సేఠ్. సచ్చినోనికి ఇస్తరా?" అన్నాను.

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను అలా అనకుండా ఉండాల్సింది అనుకున్నాను. కానీ వెనక్కి తీసుకోలేదు.

ఇంటికి వెళ్ళాక భార్యాభర్తలిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మంచి బెల్లం, చౌడు బెల్లం, మాడు బెల్లం తెచ్చి, మొగుడి కళ్ళు మూయించి, సత్తెమ్మ పరీక్షలు పెట్టిందని మాత్రం తర్వాత విన్నాను. గొంతు దిగితే గానీ చౌడు తెలియదని ఆయన మొండికేశాడట. ఉమ్మినా తెలుస్తుందని కొన్ని రోజులకు ఒప్పుకున్నాడట. పొద్దున రొట్టె తిని దుకాణానికి పోవడానికి కూడా ఒప్పుకున్నాడు. బాపు పెట్టిన నియమం తప్పిన రోజు దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడ్డాడని చెప్పింది.

ఒకరోజు సత్తెమ్మ వార్డుకొచ్చి, రేపు పొద్దున గంజ్‌కు రమ్మంది. సేఠే అడగమన్నాడట. నేను డ్యూటీ మార్చుకుని వెళ్ళాను. వాళ్ళ ఆడవాళ్ళకు గంజ్‌లోకి రావడం అలవాటు లేదు. సత్తెమ్మ నెత్తిన కొంగు కప్పుకుని గోదాము తలుపు పక్కన నిలబడింది, నేను ఆమె పక్కన.

మొదటి బండి కామారెడ్డి వైపు నుంచి వచ్చిన పోశెట్టిది. తెల్ల మీసాల ముసలాయన. చంద్రయ్య తండ్రి కాలం నుంచి ఈ అడ్తికే బెల్లం తెస్తున్న రైతు. ముక్క కొట్టి తెచ్చి చేతిలో పెట్టాడు. చంద్రయ్య కళ్ళు మూసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. తర్వాత పక్కనున్న ఇత్తడి గిన్నె తీసుకుని అందులో ఉమ్మేశాడు.

బస్తాలు మోసే అమాలీలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పోశెట్టి వెనక్కి తిరిగి, విప్పిన గోనె మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. చంద్రయ్య గద్దె దిగి, చెప్పులు కూడా లేకుండా బండి దగ్గరికి నడిచాడు. నలుగురు చూస్తుండగా చొక్కా పైకెత్తాడు. రొమ్ము కింది నుంచి బొడ్డు దాకా కుట్లగీత.

"పోశన్నా, నీ సరుకు ఫస్ట్ నంబర్. ఖరాబైంది నా కడుపు. తిరుపతి పోలే నేను, దవాఖానకు పోయిన. మింగితె పడిపోతున్న. గందుకే ఉమ్మిన."

పోశెట్టి ఆ గీతను చూశాడు, ఆయన ముఖాన్ని చూశాడు. గోనె ముడి అలాగే చేతిలో ఉంది.

"నాలిక మంచిగున్నదా సేఠ్?"

"నాలికకేం గాలే."

"అయితె గీ రెండో దిమ్మ గూడ చూడు. దీన్ల పాకం జర ముదిరిందని నాకే అనుమానమున్నది."

సత్తెమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోలేదు. అందరు రైతులూ పోశెట్టిలా ఉన్నారని చెప్పను. ఆ సీజనులో కొందరు పక్క అడ్తికి పోయారు. వాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారు, కొందరు రాలేదు. చంద్రయ్య మాత్రం నెలనెలా కొంచెం కొంచెంగా బరువెక్కాడు. చెమటలు పూర్తిగా పోయాయి.

ఈ కేసు తర్వాత నేను ఏ రోగినీ ఏం తిన్నావని అడగలేదు. ఎవరి బతుకులో ఏది తిండి కాదో మనకు తెలియదు. వంటవాడు ఉప్పు చూసింది తినడం కాదు. తల్లి పిల్లల కంచంలో మిగిలింది నోట్లో వేసుకుంటే అది తినడం కాదు. పూజారి పంచామృతం, దుకాణంలో గిరాకీకి తోడుగా తాగిన చాయ్, ఏవీ తిండి లెక్కలోకి రావు. వాళ్ళు దాచరు, మనం అడిగిన మాటలో అవి ఉండవు. దాచేది వేరే ఉంటుంది. అది భయం. భయం పోగొట్టే మందు మా వార్డు అలమారాలో లేదు.

తర్వాతి ఏడాది పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్న ఒకాయన ఓపీకి వచ్చాడు. పెద్దమనిషి, ఖరీదైన గోల్డ్ ఫ్రేము కళ్ళజోడు. గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని తలుపు దగ్గరికేసి, లాల్చీ పైకెత్తాడు. అదే గీత, పాతది.

"బెల్లం సేఠ్ గంజ్ మొత్తానికి చూపిచ్చిండంట. నాకు గంత ధైర్యం లేదమ్మా. మీ ఒక్కరికి చూపిస్తున్న. పెండ్లిళ్ళల్ల బువ్వ తినక ఎన్నేండ్లయిందో."

నేను కుర్చీ ఆయన వైపు జరిపాను.

"కూసోండి. పొద్దుగాల లేచినప్పటి సంది చెప్పండి. తిన్నది గాదు, నోట్ల వడ్డదంతా చెప్పండి" అన్నాను.